ఉప్పు తగిలిన బంతిపూలు

మా అపార్టుమెంటు బోరు నీళ్లు ఉప్పుబారాయని నాకు మనుషులెవరూ చెప్పలేదు. బాల్కనీలో బంతి మొక్కలే చెప్పాయి. ఆకుల అంచులు ఎవరో అగ్గిపుల్లతో చుట్టూ కాల్చినట్టు మాడాయి. కుండీ అంచున తెల్లటి పొర పేరుకుంది. వేలితో గీకి నాలుక మీద పెట్టుకుంటే మనవరాలు "ఛీ, అమ్మమ్మా!" అంది. మా వాచ్‌మన్ వచ్చి చూసి ఎండదెబ్బ అని తేల్చేశాడు. మల్కాజ్‌గిరిలో ఏం జరిగినా అతనికి ఎండదెబ్బే, వానాకాలంలో కూడా.

ఆ ఉప్పు నోట్లో కరిగేలోపే నేను తార్నాక వెళ్లిపోయాను.

నా చిన్నప్పుడు తార్నాకలో ఒక పెంకుటింటి సగభాగంలో అద్దెకుండేవాళ్లం. మాది సముద్రం ఒడ్డు ఊరు. నాన్న యూనివర్సిటీలో వృక్షశాస్త్రం పాఠాలు చెప్పేవాడు. అమ్మ మెట్టుగూడలో మిషను బడి టీచరు. ఆదివారం చర్చి, మిగతా రోజులు బడి, అప్పుడప్పుడు ఊరినుంచి వచ్చే ఎండురొయ్యల మూట, ఇదీ మా జీవితం. ఇంటిగలామె మిగతా సగంలో ఉండేది. ఆవిడను నేను పెద్దమ్మ అని పిలిచేదాన్ని. భర్త పోయాక పల్లెలో పొలం కౌలుకిచ్చి, కొడుకు చదువు కోసం పట్నం వచ్చింది. ఆ కొడుకు యూనివర్సిటీలోనే చదివేవాడు. అతను నాకు అన్న.

అమ్మ రొయ్యలు వేయించిన రోజు పెద్దమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చేది. "ఏం వాసన టీచరమ్మా! గల్లీ మొత్తం లేచిపోవాలె" అనేది. కాసేపటికి అదే కొంగు చాటున సర్వపిండి పళ్లెం తెచ్చి, "గా రొయ్యలు జెర గిన్నెలెయ్యి, పిల్లగాడు అడుగుతున్నడు" అనేది. పిల్లగాడు అడగలేదని మాకందరికీ తెలుసు. అప్పటికి అతను ఇంట్లోనే ఉండడం లేదు, పొద్దస్తమానం క్యాంపస్‌లో మీటింగులే.

ఆ ఇంటి వాకిలంతా షాబాద్ బండలే. గేటు వైపు వాలుగా పరిచారు, నీళ్లు ఎక్కడ పోసినా గల్లీలోకి పోతాయి. మట్టి కనిపించేది ఒక్క ప్రహరీ పక్కన, పెద్దమ్మ పూల పాదులో. తొలకరి పడగానే అందులో బంతి నారు పోసేది. బతుకమ్మకు ఆవిడ బజారులో బంతి కొనేది కాదు. పల్లె మనిషి కదా, చుక్క నీరు వృథా అయితే ప్రాణం విలవిలలాడేది. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు, చివరికి నేను సగం తాగి వదిలేసిన గ్లాసులో నీళ్లు కూడా ఆ పాదులోకే వెళ్లేవి. గిన్నె చేతిలో ఉంటే ఆవిడ కాళ్లు వాటంతటవే అటు నడిచేవి.

నాన్న పెద్ద చదువు కోసం ఒక పని పెట్టుకున్నాడు. ఉప్పు నీళ్లు తాగితే పూల మొక్కలు ఏమవుతాయి, ఏ పువ్వు ఎంత ఓర్చుకుంటుంది, ఇదీ ఆ పని. క్యాంపస్‌లో ఒక పెంకుల షెడ్డు వెనక కుండీలు వరసగా ఉండేవి. బంతి, చామంతి, కాశీరత్నం కాదు గానీ దాని చుట్టమేదో ఎర్ర పువ్వు, ఒక మూల గన్నేరు. సైకిలు ముందు కడ్డీ మీద నన్ను కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవాడు. ఆ చింతచెట్ల కింద గాలి పుల్లగా వాసన వేసేది. నాన్న నీళ్లు పోసేవాడు, నేను ఆయన బస్తాలోంచి ఉప్పుకల్లు దొంగిలించి జామకాయతో తినేదాన్ని. మంచినీళ్ల వరసలో మొక్కలు పచ్చగా నిక్కి నిలబడేవి. తర్వాతి వరస కాస్త పొట్టి. చివరి వరస చూస్తే నాకు భయమేసేది. ఆకులు అంచులనుంచి లోపలికి మాడుతూ వచ్చేవి, అయినా అన్నిటికంటే ముందు మొగ్గ తొడిగేవి అవే.

"ఇవి చచ్చిపోతున్నాయిగా నాన్నా, మరి ముందే పూస్తున్నాయేం?" అని అడిగాను.

"అందుకేనమ్మా. టైము లేదని వాటికి తెలుసు" అన్నాడు నాన్న. ఆయన ఆ మాట చాలా మామూలుగా అన్నాడు.

ఆ ఏడు ఉద్యమం వచ్చింది. ప్రత్యేక రాష్ట్రం కావాలని మొదట గోడల మీద రాశారు, తర్వాత ఊరేగింపులు, తర్వాత కాలేజీలు మూతబడ్డాయి. క్యాంపస్ దారిలో పోలీసు గుడారాలు వెలిశాయి. గాలి అటునుంచి తిరిగితే మా వాకిట్లోకి కళ్లు మండే పొగ వచ్చేది. పిల్లలం దాన్ని కూడా ఆట చేసుకున్నాం, ఎవరు ఎక్కువసేపు కళ్లు మూయకుండా ఉంటారని. బడి లేదు, పాలు ఒక్కోరోజు రావు, కిరాణా కొట్టతను సగం తలుపే తీసేవాడు. పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడడం మొదలుపెట్టారు. మా భాష వినగానే బస్సులో కొందరు తల తిప్పి చూసేవారు, అమ్మ బయట మాట్లాడడమే మానేసింది.

అన్న మాత్రం నాన్నతో ఎదురుగా కూర్చుని వాదించేవాడు. "సార్, మీ దిక్కోళ్లు పోవాలె, మా నౌకర్లు మాకు కావాలె. మీరు మంచోళ్లు. రెండు నిజమే సార్" అనేవాడు.

"రెండూ నిజమైతే నేనేం చెయ్యాలి బాబూ?" అని నాన్న నవ్వేవాడు.

అన్న నవ్వేవాడు కాదు. ఒక మధ్యాహ్నం పోలీసులు అతన్ని క్యాంపస్‌లో పట్టుకుని జైలుకు తీసుకుపోయారు. పెద్దమ్మ ఆ రోజు వండిన అన్నం వండినట్టే ఉంచింది. మర్నాడు పాదు దగ్గర కూర్చుని కలుపు తీస్తూ మా అమ్మతో, "పిలగాడు ఇంటికొస్తె ఈసారి బతుకమ్మ అంత గీ పూలతోనే పేరుస్త. మొక్కుకున్న" అంది. అప్పటినుంచి ఆ పాదులో ఉన్నవి ఉత్త బంతి మొక్కలు కావు.

కాలేజీ మూతబడితే కుండీలకు నీళ్లు ఎవరు పోస్తారు? నాన్న తోపుడుబండి మీద వాటిని మా వాకిట్లోకి చేర్చాడు. పెద్దమ్మ సంబరపడింది. "ఇల్లు తోట అయిపాయె!" అంది. నాన్న రెండు మట్టి గోలేలు, తొట్టెలంత నీళ్ల కుండలు, కొని, ఒకదాంట్లో కొంచెం ఉప్పు, ఒకదాంట్లో బాగా ఉప్పు కలిపి, పైన సుద్దతో గుర్తులు పెట్టాడు. కిరాణా కొట్టునుంచి రాళ్లుప్పు బస్తా వచ్చింది. పెద్దమ్మ ముక్కుమీద వేలేసుకుంది. "గింత ఉప్పా! మీ ఆంధ్రోళ్లు చెట్లకు గూడ రొయ్యల పులుసు తినిపిస్తరా సారూ?" అంది. మేమందరం నవ్వాం. ఆ ఇంట్లో అలా నవ్వడం అదే ఆఖరు.

ఆ ఏడు తొలకరి ఒక్కసారి కురిసి మొహం చాటేసింది. గల్లీ చివర పల్లంలో అందరూ వాడుకునే బావి ఒకటి ఉండేది. నీళ్లు అడుగంటాయి, మిగిలినవి ఉప్పుబారాయి. పప్పు ఉడకడం లేదని ఒకామె అంది. సబ్బు నురగ రావడం లేదని ఇంకొకామె. కిరాణా అతను ఏమీ ఆలోచించకుండానే, ఆంధ్ర సారు బస్తా ఉప్పు కొన్నాడన్న సంగతి చెప్పాడు. ఆ రెండు మాటలూ గల్లీలో ఎక్కడో కలుసుకున్నాయి. నీళ్లకు వెళ్లిన అమ్మ ఖాళీ బిందెతో తిరిగొచ్చింది. ఎవరూ ఏమీ అనలేదట, చేద మాత్రం ఇవ్వలేదట.

వాళ్లు సాయంత్రం ఎండ ఉండగానే వచ్చారు. గేటు నిండా జనం. ముందు కుర్రవాళ్లు, వెనక ఆడవాళ్లు, అందులో మాకు రోజూ కనిపించే ముఖాలే ఎక్కువ. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

"సారూ, గా గోలేలల్ల ఏంది?" అన్నాడు ఒక కుర్రాడు.

"ఉప్పు నీళ్లు బాబూ. ఇది పరిశోధన. లవణ జలాల ప్రభావం పుష్పజాతుల మీద..." నాన్నకు భయమేస్తే పుస్తకం భాష వచ్చేది.

"తెలుగుల జెప్పు. ఉప్పు నీళ్లు పోస్తె ఏమైతదో సూస్తున్నవా?"

"అవును."

"చెట్లు సస్తయా?"

 చివరి వరస కుండీలు ఆయన వెనకే ఉన్నాయి, చచ్చిన మొక్కలతో. వాటిని అందరూ చూస్తున్నారు.

"చెట్లను సంపేటోడు బాయిల పొయ్యడా?" అని వెనకనుంచి ఒక గొంతు. ఆ తర్వాత అన్నీ ఒకేసారి. సామాన్లు సదురుకోమన్నారు, పొద్దుగూకే లోపల ఖాళీ చెయ్యమన్నారు. ఎవరో ఒక కుండీని కాలితో తన్నారు. అది బండల మీద దొర్లుకుంటూ వచ్చి మా గుమ్మానికి తగిలి ఆగింది. అమ్మ నన్ను పొట్టకు అదుముకుంది. ఆవిడ పెదవులు ప్రార్థన చేస్తున్నాయి.

అప్పుడు పెద్దమ్మ లేచింది. "నా కొడుకు మీకోసమే జేల్ల ఉన్నడు. ఆడు లేని యాల్ల నా ఇంటి మీదికొస్తరా?" అంది. అరవలేదు. గేటు దగ్గర సద్దు తగ్గింది. "ఉప్పే కదా మీ పంచాది? పారబోస్త. నా చేతులతోటి పారబోస్త. అయిపాయె."

"గల్లీల పోస్తె మల్ల బాయిలకే పోతది పెద్దవ్వా" అన్నాడు ముందున్న కుర్రాడు. అది నిజమే. బండల వాలు గేటు వైపు, గల్లీ వాలు బావి వైపు.

పెద్దమ్మ బాగా ఉప్పున్న గోలెంలో బకెట్టు ముంచింది. బకెట్టు చేతిలోకి రాగానే ఆవిడ కాళ్లు అలవాటుగా పాదు వైపు నడిచాయి. బంతి మొక్కలు అప్పటికి మోకాలెత్తు పెరిగాయి. పాదు గట్టు దగ్గర ఆగి నాన్న వైపు తిరిగింది.

"సారూ, నా పూలకేమన్న అయితదా?"

గల్లీ అంతా నాన్న నోరు చూస్తోంది. అవును, చస్తాయి అంటే ఆ నీళ్లు విషమని ఆయనే ఒప్పుకున్నట్టు. ఇక ఆ రాత్రి మేము ఎక్కడుంటామో, అసలు ఉంటామో లేదో. నాన్న మా అమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ఏమీ కాదు" అన్నాడు.

పెద్దమ్మ పోసింది. గోలెం అడుగు కనిపించేదాకా బకెట్టు తర్వాత బకెట్టు పోసింది, తర్వాత రెండోదీ. మట్టి గుటకలు వేసినట్టు తాగింది. ఉప్పు బస్తాను కుర్రవాళ్లు ఎత్తుకుపోయారు. ఒక ముసలాయన వెళ్తూ వెళ్తూ, "సారు మంచోడే, ఉట్టిగ లొల్లి జేసిన్రు" అన్నాడు. మేము ఆ ఇంట్లో మిగిలాం.

ఆ తర్వాతి వారాలు నాకు బాగా గుర్తు. నిద్ర లేవగానే నాన్న వాకిట్లోకి వెళ్లి పాదు చూసేవాడు. నేనూ చూసేదాన్ని. మొదట ఏమీ కనిపించలేదు, మొక్కలు మధ్యాహ్నం కాస్త వాలి సాయంత్రానికి లేచేవి. తర్వాత కింది ఆకుల అంచులు మాడాయి. కుండీల చివరి వరసలో చూసిన ఆ గోధుమరంగు గీత పాదులోకి దిగింది. ఇంకా పండగ చాలా దూరం ఉండగానే మొగ్గలొచ్చాయి.

"అప్పుడే పూత! సూడు టీచరమ్మా, నా కొడుకు తొందరగ వస్తడు" అని పెద్దమ్మ చప్పట్లు కొట్టింది. రూపాయి బిళ్లంత పూలు, రెక్కలు సరిగా విచ్చుకోనివి. నాన్న గుమ్మంలోంచే వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయాడు.

వంటింట్లో అమ్మ గుసగుసగా అడగడం విన్నాను. "చెప్పేయండి. ఆవిడ మనిషి. అర్థం చేసుకుంటుంది."

"ఆవిడ అర్థం చేసుకుంటుంది. అర్థమైన మాట బావి దగ్గర ఎవరితోనో అంటుంది. అప్పుడు?"

 తాళింపు మాడిన వాసన వచ్చింది.

నాన్న చేయగలిగింది ఒకటి చేశాడు. మంచినీళ్లు బాగా కడితే ఉప్పు వేళ్లను దాటి లోపలికి దిగిపోతుందని ఆయనకు తెలుసు. తెల్లవారగానే సైకిలుకు డబ్బాలు కట్టుకుని, పోలీసు గుడారాల ముందునుంచి క్యాంపస్ కుళాయి దాకా వెళ్లి నీళ్లు తెచ్చి పాదులో పోసేవాడు. ఆ ఎండిన ఏడు ఆ డబ్బాలు ఏ మూలకు! పెద్దమ్మ కళ్లు చెమర్చేవి. "నా చెట్ల కోసం సారు గంత దూరం పోతున్నడు, నా తోడబుట్టినోడు గూడ గిట్ల జెయ్యడు" అని గల్లీలో అందరికీ చెప్పింది. అది విన్న రోజు నాన్న అన్నం తినలేదు. ఆకాశం చూస్తూ కూర్చున్నాడు. ఒక్క పెద్ద వాన పడితే చాలు, అది కూడా పడలేదు.

మొక్కలు ఒక్కొక్కటిగా పోవడం మొదలయ్యాక పెద్దమ్మ మారిపోయింది. దిష్టి తీసింది, గుమ్మానికి నిమ్మకాయలు కట్టింది. ఎవరు ఏం చెప్పినా వినేది కాదు. ఇంట్లో పూలు మాడుతున్నాయంటే ఇంటి పిల్లవాడికి ఏదో జరుగుతోందని ఆవిడ మనసులో పడింది. జైలునుంచి కబురు లేదు. తిండి మానేసింది. పొద్దున్నే పాదు దగ్గర కూర్చుని మాడిన ఆకులు ఒడిలో ఏరుకునేది, అక్కడే మధ్యాహ్నమయ్యేది. నేను పక్కన కూర్చుంటే నా చెయ్యి పట్టుకునేది. ఆ చెయ్యి చల్లగా ఉండేది.

ఒకరోజు నాన్న డబ్బాలు దించుతుంటే ఆవిడ అడిగింది. "సారూ, నువ్వు సదువుకున్నోనివి. నిజం జెప్పు. నా కొడుక్కేమన్న అయితదా?"

ఒక్క మాట చాలు. ఇది శకునం కాదమ్మా, ఉప్పు, నేను పోయించిన ఉప్పు అంటే ఆవిడ ఆ క్షణమే లేచి అన్నం తిని ఉండేది. నాన్న నోరు తెరవడం నేను చూశాను. గేటు అవతల ఎవరో నడిచి వెళ్తున్నారు, ఆ అడుగుల చప్పుడు దాటేదాకా ఆగాడు. ఆగితే ఇక ఆ మాట రాలేదు.

"ఏమీ కాదమ్మా" అన్నాడు.

అన్న తిరిగొచ్చాడు. బతుకమ్మకు కొద్దిరోజుల ముందు, రిక్షాలో, పుల్లలా చిక్కిపోయి. ఒక కాలు ఈడ్చి నడుస్తున్నాడు. ఎలా అయిందని ఎవరూ అడగలేదు, అతను చెప్పలేదు. పెద్దమ్మ పరుగెత్తుకుని వెళ్లి కొడుకు ముఖం పట్టుకుని చూసుకుంది. ఆ తర్వాత చేసిన మొదటి పని మా గుమ్మంలోకి వచ్చి నాన్న కాళ్లకు దండం పెట్టడం. "సారు ముందే జెప్పిండు. ఏం కాదని జెప్పిండు. అందరు నా చెట్లు సూసి భయపడ్డరు, సారొక్కడే భయపడలే" అంది. నాన్న వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు.

ఆ ఏడు పెద్దమ్మ బతుకమ్మను కొన్న తంగేడు, గునుగు పూలతో పేర్చింది. పైన మాత్రం పాదులో మిగిలిన గుప్పెడు చిట్టిపూలు పెట్టింది. రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు మా ఇంటికి ముందు పంపింది. నాన్న తన మంచినీళ్ల వరస కుండీల పూలన్నీ కోసి ఇవ్వబోతే వద్దంది. "నా చేతి పూలతోటి మొక్కిన సారూ. సిన్నగ ఉన్నా నా పూలే పెడత" అంది. పాటలు వినిపిస్తుంటే నాన్న లోపలే కూర్చున్నాడు. ఆయన పెద్ద చదువు అక్కడితో ఆగిపోయింది. ఎందుకు ఆపారని ఎవరడిగినా గొడవల వల్ల అనేవాడు.

దసరా వెళ్లాక ఆయన మా ప్రాంతంలోనే ఒక కాలేజీలో పని చూసుకున్నాడు. రిక్షాలో సామాన్లు ఎక్కిస్తుంటే పెద్దమ్మ చిన్న గుడ్డమూట తెచ్చి నాన్న చేతిలో పెట్టింది. పాదులో ఎండిపోయిన పూలనుంచి తీసిన విత్తనాలు. "మీ దిక్కు నీళ్లు మస్తుంటయట గద. ఆడ మంచిగ వస్తయి. సారుకు చెట్లంటె పానం" అంది. రిక్షా మెట్టుగూడ దాటేదాకా నాన్న ఆ మూటను గుప్పిట్లోనే పట్టుకున్నాడు. స్టేషన్లో టికెట్టు తీయడానికి కూడా ఆ చెయ్యి తెరవలేదు, అమ్మే తీసింది.

ఊళ్లో ఆయన ఆ విత్తనాలు వేశాడు. సముద్రపు నేలలో వెయ్యలేదు, కాలవ మట్టి తెప్పించి కుండీల్లో వేశాడు. పూలు చక్కగా పెద్దవి వచ్చాయి. ఒక్క పువ్వు కొయ్యనిచ్చేవాడు కాదు, చర్చికి కూడా ఇవ్వలేదు. ప్రతి ఏటా విత్తనం కట్టి మళ్లీ వేసేవాడు. పెద్దమ్మకు నిజం చెప్పడానికి హైదరాబాదు వెళ్లాలని ప్రతి వేసవిలో అనేవాడు. ఆవిడ పోయిందన్న కబురు ముందు వచ్చింది. నేను ఉద్యోగానికి ఇక్కడికి వచ్చాక తార్నాక వెళ్లి ఆ గల్లీ వెతికాను. ఇల్లు లేదు, బావి లేదు, అంతా కాంక్రీటు. వాళ్లు కోరుకున్న రాష్ట్రం వచ్చిన రోజు టీవీలో క్యాంపస్‌లో జనం పూలు చల్లుకుంటుంటే నేను అన్న ముఖం కోసం వెతికాను. కనిపించలేదు. కనిపించినా ఆ వయసులో గుర్తుపట్టేదాన్ని కాదేమో.

ఇప్పుడు నా బాల్కనీలో మాడుతున్నవి ఆ మూటలోని బంతులే, నాన్న తర్వాత ఏటేటా నేను విత్తనం కట్టుకుంటూ వచ్చినవి. మనవరాలు వాటి ముందు గొంతుక్కూర్చుంది.

"అమ్మమ్మా, వీటికేమైనా అవుతుందా?"

"ఈ నీళ్లే పోస్తే చచ్చిపోతాయి" అన్నాను.

దాని పెదవి వంకర తిరిగింది. లోపలినుంచి మా అమ్మాయి విసుక్కుంది. "చిన్నపిల్లతో అలాగేనా అమ్మా మాట్లాడేది? ఏం కాదని చెప్తే నీ సొమ్మేం పోయింది?"

అందరి ఇళ్లలోనూ రోజుకు పదిసార్లు అనుకునే మాటే అది. జ్వరమొచ్చిన పిల్లలకు, పరీక్షకు వెళ్లే పిల్లలకు, ఆపరేషన్‌కు వెళ్లే ముసలివాళ్లకు. మా నాన్న ఆస్పత్రిలో ఆఖరి రోజుల్లో నా వైపు చూస్తే కూడా నేను ఆ మాట అనలేకపోయాను. ఆయనకూ నా నోటినుంచి అది వినాలని లేదు.

తాగే నీళ్ల డబ్బా బాల్కనీలోకి ఈడ్చుకొచ్చి, మనవరాలి చేతికి చెంబు ఇచ్చాను. ఉప్పు దిగిపోయేదాకా పోయాలని చెప్పాను.

"అప్పుడు బతుకుతాయా?"

"తెలియదమ్మా" అన్నాను. "పోద్దాం."